ఒకరోజు పనిచేసి ఒకరోజు చెయ్యని బ్యాకప్ గురించి

చి. అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన లాగులు తీరిగ్గా చూశాను. /హోమ్‌ని (యూజర్ల ఫైళ్లుండే భాగం) రోజూ రాత్రి డంప్‌తో (ఫైల్‌సిస్టం మొత్తాన్ని బ్యాకప్ తీసే పాత కమాండ్) తీస్తున్నారు, ఒక్కోసారి రిస్టోర్, అంటే తీసినదాన్ని మళ్లీ పెట్టడం, శుభ్రంగా అవుతోంది, ఒక్కోసారి ఏవేవో అరిచి ఫైళ్లు ఎగ్గొడుతోంది, అందుకని డంప్‌ని పక్కన పడేసి వేరే సాఫ్ట్‌వేర్ కొనేద్దామని మీ మేనేజర్ గారు అంటున్నారు. కొనండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ తేడా ఎక్కడొస్తోందో పట్టుకోకుండా కొంటే కొత్తదానికీ ఇదే గతి. పైగా డంప్, రిస్టోర్ కనీసం అరుస్తున్నాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు పచ్చ టిక్కు పెట్టేసి నోరు మూసుకుంటాయి.

కాబట్టి ముందు ఆ అరుపులు చదువుదాం. నీ లాగులో రెండు రకాలున్నాయి, నువ్వు రెండింటినీ ఒకే గాటన కట్టావు. ‘ఎక్స్‌పెక్టెడ్ నెక్స్ట్ ఫైల్ 1835021, గాట్ 1834977’ అన్నది ఒక రకం. ‘రీసింక్ రిస్టోర్, స్కిప్డ్ 14 బ్లాక్స్’ అన్నది ఇంకో రకం. మొదటిది, డంప్ తీస్తుండగా ఫైల్‌సిస్టం కదిలిపోయిందని చెబుతోంది. రెండోది, తీసినది మళ్లీ చదవడంలో తేడా వచ్చిందంటోంది, అంటే డిస్కో, టేపో, నెట్‌వర్క్ మీద సగంలో తెగిపోయిన కాపీయో. ‘నాట్ ఫౌండ్ ఆన్ టేప్’ అనేది రెండు కారణాల వల్లా రావచ్చు. పక్కన రీసింక్ మాట లేకపోతే దాన్ని మొదటి రకంలో వెయ్యి.

రెండో రకం తేలిగ్గా తేలుతుంది. డంప్ రాస్తున్నప్పుడే టీ కమాండ్‌తో పాయ చీల్చి, ఒకటి ఫైలుకీ ఇంకొకటి ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య కట్టే షా256సమ్‌కీ పంపు. నాస్‌కి (నెట్‌వర్క్ మీదున్న స్టోరేజి పెట్టెకి) చేరాక అక్కడ మళ్లీ లెక్కకట్టి రెండూ పోల్చు. తేడా వచ్చిన రాత్రుల్లో నాస్ నిండిపోయిందేమో చూసుకో. మూల పడున్న టేప్ డ్రైవ్ కూడా ఇంకా వాడుతున్నామన్నావు కదా, స్క్రిప్టులో డివైస్ పేరు ‘ఎస్‌టీ0’ అనుందా, ‘ఎన్ఎస్‌టీ0’ అనుందా? మొదటిదైతే ప్రతి డంప్ అయ్యాక టేప్ తనంతట తనే మొదటికి చుట్టుకుంటుంది. ఆ తర్వాత తీసిన /వార్, ముందు తీసిన /హోమ్ మీదే రాసేస్తుంది. ఎర్రర్ మాత్రం ఒక్కటీ రాదు.

అసలు కథ మొదటి రకానిది. డంప్ నాలుగు విడతల్లో పనిచేస్తుంది. మొదటి విడతలో ఏ ఐనోడ్లు (ఒక్కో ఫైలుకీ ఫైల్‌సిస్టంలో నంబరుతో ఉండే నమోదు) తియ్యాలో పట్టిక రాసుకుంటుంది. రెండో విడతలో ఆ ఫైళ్లకి దారి చూపే డైరెక్టరీలేవో చూసుకుంటుంది. మూడో విడతలో డైరెక్టరీలు, అంటే పేర్లు, రాస్తుంది. నాలుగో విడతలో ఫైళ్ల లోపలి సరుకు రాస్తుంది. మీ /హోమ్ సైజుకి మొదటి విడతకీ నాలుగో విడత చివరకీ మధ్య గంటలు గడుస్తాయి. ఆ గంటల్లో జనం ఊరుకోరు. ఫోన్లో పనోరమా ఫొటో తీస్తుంటే ఎడమ చివర నిలబడ్డ పిల్లాడు వెనకనుంచి పరుగెత్తి కుడి చివరకొచ్చి రెండుసార్లు పడతాడు చూడు, ఇంకొకడు ఎదురు పరుగెత్తి అసలే పడడు. ఇక్కడా అంతే.

నీ లాగులోని ఆ 1834977నే తీసుకో. మొదటి విడతలో ఆ ఐనోడ్ పట్టికెక్కింది. డైరెక్టరీలు రాసేలోపు ఎవరో ఆ ఫైలు చెరిపేశారు, పేరు పోయింది. పేర్లు రాయడం అయ్యాక అదే నంబరు ఇంకెవరి కొత్త ఫైలుకో దక్కింది. నాలుగో విడత వచ్చేసరికి డంప్ ఆ కొత్త ఫైలు సరుకు రాసేసింది. రిస్టోర్ దగ్గర సరుకుంది, పేరు లేదు. అందుకే ఆ సందేశం ఇచ్చి దాన్ని వదిలేసింది. ఇది పెద్ద నష్టం కాదు, ఆ కొత్త ఫైలు రేపటి డంప్‌లో వస్తుంది.

నన్ను భయపెట్టేది దీని తోబుట్టువు. పేర్లు రాయడం అయిపోయాక, సరుకు రాయకముందు, పాత ఫైలు చెరిగి నంబరు కొత్తదానికి వెళ్లిందనుకో. అప్పుడు డంప్‌లో పాత పేరు ఉంటుంది, దాని కింద వేరేవాళ్ల ఫైలు ఉంటుంది. రిస్టోర్‌కి పేరూ నంబరూ రెండూ సరిపోయాయి, కాబట్టి ఏ సందేశమూ రాదు. ‘జీతాలు’ అని ఉన్న ఫైలు తెరిస్తే ఇంకెవరి మెయిలో ఉంటుంది. కాబట్టి లాగులో అరుపుల్లేని రాత్రి డంప్ బాగుందని మాత్రం అనుకోకు.

లినక్స్‌లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. డంప్ ఫైల్‌సిస్టం గుండా చదవదు, కిందనున్న బ్లాక్ డివైస్‌ని నేరుగా చదువుతుంది. జనం రాసింది కొంతసేపు పేజ్ క్యాష్‌లోనే, అంటే మెమరీలోనే, ఉంటుంది. 2.4 కెర్నల్ నుంచి ఈ రెండూ ఒకదానికొకటి సరిపోలాలన్న హామీ లేదు. 2001లో లినక్స్ సృష్టికర్త టోర్వాల్డ్స్ ఈ సంగతే మొహమాటం లేకుండా చెప్పి, మౌంటైన ఫైల్‌సిస్టం మీద డంప్‌ని నమ్మొద్దన్నాడు. దాని మీద చాలా గొడవైంది. డంప్ చేత్తో పట్టుకుని పెరిగినవాణ్ని నేను, అయినా ఆ విషయంలో ఆయన పక్షమే. స్క్రిప్టు మొదట్లో నువ్వు మూడుసార్లు ‘సింక్’ (మెమరీలో ఉన్నది డిస్క్‌కి దింపే కమాండ్) కొట్టావు. తీసెయ్. సింక్ అయిన మరుక్షణం నుంచే మళ్లీ రాయడం మొదలవుతుంది కదా.

మందు ఒక్కటే, కదలని దాన్ని డంప్ చెయ్యడం. మీ /హోమ్ ఎల్‌వీఎం (డిస్కుల జాగాని వాల్యూములుగా పంచే లినక్స్ పొర) మీదుంది, సగం పని అయినట్టే. వీజీఎస్ కొట్టి వాల్యూమ్ గ్రూపులో ఖాళీ ఎంతుందో చూడు. ఎల్‌వీక్రియేట్‌తో స్నాప్‌షాట్ తీసేటప్పుడు కెర్నలే ఒక్క క్షణం ఫైల్‌సిస్టంని ఆపి, క్యాష్‌లో ఉన్నది కిందికి దింపి, అప్పుడు ఫొటో తీస్తుంది. ఆ స్నాప్‌షాట్ డివైస్‌ని డంప్‌కి ఇవ్వు. విడతల మధ్య ఎన్ని గంటలు గడిచినా అక్కడ ఏదీ కదలదు.

అయితే స్నాప్‌షాట్‌కి నువ్వు కేటాయించిన జాగా నిండితే అది చెల్లకుండా పోతుంది, మధ్యలో డంప్‌కి చదవడానికేమీ ఉండదు. ఎంత జాగా కావాలన్నది /హోమ్ సైజుని బట్టి కాదు, డంప్ నడిచినంతసేపూ అసలు వాల్యూమ్ మీద ఎంత మారుతుందన్నదాన్ని బట్టి. అందుకని స్క్రిప్టులో స్నాప్‌షాట్ చెరిపే ముందు ఎల్‌వీఎస్ (వాల్యూముల స్థితి చూపే కమాండ్) అవుట్‌పుట్ లాగులో రాయించు. డేటా శాతం ఏ రాత్రైనా ఎనభై దాటితే జాగా పెంచు. ఇంకోటి, స్నాప్‌షాట్‌కి రోజూ ఒకే పేరు పెట్టు. తారీఖు కలిపి పేరు పెట్టావో, ఏ డంప్ ఎప్పుడు తీశామో రాసుండే /ఈటీసీ/డంప్‌డేట్స్‌లో రోజుకో కొత్త డివైస్ చేరుతుంది, లెవెల్ 1 (మారినవి మాత్రమే) తీద్దామంటే దానికి లెవెల్ 0 (మొత్తం) కనబడదు. ‘డేట్ ఆఫ్ లాస్ట్ లెవెల్ 0 డంప్: ద ఈపాక్’ అని మొత్తం మళ్లీ మొదట్నుంచి తీస్తుంది. ఇంక్రిమెంటల్ ఎందుకింత లావుగా వస్తోందని తల పట్టుకునేవాళ్లలో చాలామంది గొడవ ఇదే.

మీ ఫ్రీబీఎస్‌డీ యంత్రంలో పని ఇంకా తేలిక. దాని ఫైల్‌సిస్టం యూఎఫ్ఎస్‌కి స్నాప్‌షాట్ సొంతంగా ఉంది, డంప్‌కి ‘-ఎల్’ పెడితే తీసుకోవడమూ చెరపడమూ అదే చూసుకుంటుంది. కాకపోతే సాఫ్ట్ అప్‌డేట్స్‌తో పాటు జర్నల్ కూడా పెట్టి ఉంటే, 13.2 కంటే ముందు వెర్షన్లలో ఈ స్నాప్‌షాట్ కుదరదు. ముందు వెర్షన్ చూసి చెప్పు.

డేటాబేస్ సంగతి వేరు. స్నాప్‌షాట్ అంటే కరెంటు పోయిన క్షణంలో డిస్క్ ఎలా ఉంటుందో అలా. పోస్ట్‌గ్రెస్, ఇన్నోడీబీ ఆ స్థితి నుంచి లేవగలవు, కానీ డేటా, లాగ్ రెండూ ఒకే స్నాప్‌షాట్‌లో ఉన్నప్పుడే. మీ మైఎస్‌క్యూఎల్ స్క్రిప్టు చూశాను. మొదటి లైన్లో ‘మైఎస్‌క్యూఎల్ -ఈ’ తో ఫ్లష్ టేబుల్స్ విత్ రీడ్ లాక్ (రాతలన్నీ ఆపే లాక్), రెండో లైన్లో స్నాప్‌షాట్, మూడో లైన్లో అన్‌లాక్. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ మొదటి లైను ముగియగానే ఆ సెషన్ మూసుకుపోతుంది, సెషన్‌తో పాటే లాకూ పోతుంది. రెండో లైను నడిచేటప్పుడు లాకే లేదు. అదే సెషన్‌లో ఉండి, క్లయింటులోని ‘సిస్టమ్’ కమాండ్‌తో ఎల్‌వీక్రియేట్‌ని పిలవాలి. లేదంటే మైఎస్‌క్యూఎల్‌డంప్‌ని సింగిల్ ట్రాన్సాక్షన్‌తో వేరుగా తీసి పెట్టుకో. ట్రాన్సాక్షన్లు లేని పాత మైఐసామ్ రకం టేబుళ్లు ఏమైనా మిగిలుంటే ఆ ఆప్షన్ వాటికి పనికిరాదు.

టార్‌కి (ఫైళ్లని ఒకటిగా మూటకట్టే కమాండ్) మారదామా అనడిగావు. అదే స్నాప్‌షాట్‌ని రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి టార్ చేసినా మంచిదే. లైవ్ మీద చేస్తే ‘ఫైల్ చేంజ్డ్ యాజ్ వుయ్ రెడ్ ఇట్’ అని గొణుగుతుంది. గ్నూ టార్ అప్పుడు 1 అనే ఎగ్జిట్ కోడ్‌తో బయటికొస్తుంది, నిజంగా చెడితే 2తో. ఆ 1తో విసిగిపోయి స్క్రిప్టు చివర ‘ట్రూ’ తగిలించేవాళ్లుంటారు, దాంతో 2 కూడా మాయమవుతుంది. మీదాంట్లో అంతకంటే సూక్ష్మమైనది ఉంది. డంప్‌ని జీజిప్‌కి పైపు చేసి, ఆ తర్వాత ఎగ్జిట్ కోడ్ చూస్తున్నారు. అది జీజిప్ కోడ్. డంప్ సగంలో చచ్చి 3 ఇచ్చినా, వచ్చిన సగాన్ని జీజిప్ చక్కగా కుదించి 0 ఇస్తుంది. బాష్‌లో ‘పైప్‌ఫెయిల్’ పెట్టు (పైపులో ఏది ఫెయిలైనా చెబుతుంది), వేళకి పనులు నడిపే క్రాన్ ఆ స్క్రిప్టుని బాష్‌తోనే నడుపుతోందో లేదో చూడు.

క్రాన్ మెయిల్ కూడా ఎవరికి వెళ్తోందో కనుక్కో. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ (కోడ్ దాచుకునే సైటు) వాళ్లు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీ చెరుపుకుని బ్యాకప్ కోసం వెతికితే దొరకలేదు. పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ తీసే పీజీ_డంప్ వెర్షన్ తేడా వల్ల ఎప్పట్నుంచో ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లు డీమార్క్ (మెయిల్ పంపింది అసలువాళ్లేనని తేల్చే పద్ధతి) లేక తిరస్కరణకు గురవుతున్నాయి. చివరికి వేరే పనికోసం ఆరుగంటల ముందు తీసిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్ వాళ్లని కాపాడింది. ఇదంతా వాళ్లే బయటపెట్టారు. అందుకని ఫెయిలైతే మెయిల్ పంపే పద్ధతి వద్దు. సరిగా అయినప్పుడు పంపించు, రాని రోజు కంగారుపడు.

ఇక రిస్టోర్. రిస్టోర్ ‘-సీ’ తో డంప్‌ని డిస్క్‌తో పోల్చవచ్చు, నువ్వు చేశావు కూడా, వందల తేడాలొచ్చాయని బెంబేలెత్తావు. లైవ్ /హోమ్‌తో పోలిస్తే రాక ఏం చేస్తాయి? స్నాప్‌షాట్‌ని చెరిపే ముందు రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి, ‘-డీ’ తో ఆ డైరెక్టరీ చూపించి పోల్చు. అక్కడ ఒక్క తేడా వచ్చినా అది నిజమైన తేడా, వదలకు.

పూర్తి రిస్టోర్‌కి ఖాళీ డిస్క్ మీద కొత్త ఫైల్‌సిస్టం చేసి, అందులోకి వెళ్లి ‘-ఆర్’ తో లెవెల్ 0 ముందు, తర్వాత మిగతావి వరసలో పెట్టు. అక్కడ పుట్టే రిస్టోర్‌సిమ్‌టేబుల్ అన్న ఫైలుని చెత్త అనుకుని చెరపకు, తర్వాతి లెవెల్‌కి అదే ఆధారం. చివరి లెవెల్ అయ్యాక తియ్యి. ‘ఇంక్రిమెంటల్ డంప్ టూ హై’ అంటే మధ్యలో ఒక లెవెల్ వదిలేశావని. డైరెక్టరీల సమాచారం రిస్టోర్ /టెంప్‌లో దాచుకుంటుంది. మీ రెస్క్యూ సీడీలో అది మెమరీలో ఉండే చిన్న ముక్క. టెంప్‌డిర్‌ని పెద్ద డిస్క్ వైపు తిప్పకపోతే మొదట్లోనే ఆగిపోతుంది, తప్పు డంప్‌దేనని నువ్వు మళ్లీ తిట్టుకుంటావు. టార్ అయితే న్యూమరిక్ ఓనర్ మర్చిపోకు. రెస్క్యూ సీడీకి మీ యూజర్లు తెలియరు.

ఈ శనివారం ఖాళీ డిస్క్ ఒకటి సంపాదించు. కొత్త స్క్రిప్టుతో తీసిన లెవెల్ 0, దాని మీద రెండు లెవెళ్లు దానిలోకి పెట్టి చూడు. అది సరిగా అయ్యేదాకా పాత డంపులు ఒక్కటీ చెరపనివ్వకు, జాగా లేదని ఎవరేమన్నా సరే. ఆ రాత్రి ఎల్‌వీఎస్ లైను, రిస్టోర్ ‘-సీ’ లాగు నాకు పంపు, ఆదివారం పొద్దున చూస్తాను. అమ్మకీ నాన్నకీ అడిగానని చెప్పు.

ఇట్లు,
పెదనాన్న