ఒక్క సెన్సార్ పోతే రెండు ఎందుకు కొనాలి?

ప్రశ్న: సార్, మాది తిరుపతి. చంద్రగిరి దగ్గర ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేస్తున్నాను. జీతం 34 వేలు. రెండేళ్ల కింద 2015 మోడల్ చిన్న పెట్రోల్ కారు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇప్పటికి 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజుల నుంచి చెక్ ఇంజిన్ లైటు ఆరడం లేదు. మైలేజీ 17 నుంచి 14కి పడిపోయింది. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే ఆక్సిజన్ సెన్సార్లు రెండూ మార్చాలని 14,800 కొటేషన్ ఇచ్చారు. మా పిన్ని కొడుకు అదే ఆన్‌లైన్‌లో 950కి దొరుకుతుందంటున్నాడు. మా వీధి మెకానిక్ మద్రాసు పుదుపేట నుంచి పాతది తెప్పిస్తానంటున్నాడు. బ్యాంకులో 11 వేలున్నాయి. లక్ష రూపాయల చీటీకి నెలకు 5 వేలు కడుతున్నాను. ఇప్పుడు పాడుకుంటే 22 వేలు పోతుంది. క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టమంటారా, చీటీ ఎత్తమంటారా?

జవాబు: కార్డూ వద్దు, చీటీ పాటా వద్దమ్మా. మీ దగ్గరున్న 11 వేలలోనే ఈ పని అయిపోయి, ఇంకా కొంత మిగిలే అవకాశం బాగా ఉంది.

మీ ఉత్తరం చదువుతూ ‘రెండూ మార్చాలి’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. రెండు సెన్సార్లు ఒకే నెలలో పోవడం అరుదు. కొటేషన్ విడదీసి చూస్తే సెన్సార్ ఒక్కొక్కటి 5,900, రెండింటికి 11,800. లేబర్ 1,200. మిగతా 1,800 థ్రాటిల్ క్లీనింగ్, ఇంజిన్ ఫ్లష్ అని రాశారు. ఆ ఫ్లష్ మీరు అడిగారా? అడగలేదనే అనుకుంటున్నాను. కాగితం ఫొటో కూడా పంపారు కాబట్టి ఇంకొక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. మీకు 18 వేశారు, అక్కడ తప్పు లేదు. ఇంకెక్కడైనా కొటేషన్ తీసుకుంటే మాత్రం ఆ గడి ఒకసారి చూడండి. 5 వేల వస్తువు మీద 500 తేడా వస్తుంది.

ఈ సెన్సార్ చేసే పని ఏమిటో తెలిస్తే ఎక్కడ ఖర్చు పెట్టాలో మీకే తెలుస్తుంది. బియ్యానికి ఎసరు కొలత ఎలాగో, గాలికి పెట్రోల్ అలాగ. బరువు లెక్కన ఒక వంతు పెట్రోల్‌కు 14.7 వంతుల గాలి ఉండాలి. ఇంజిన్‌లో కాలాక బయటికొచ్చే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో మొదటి సెన్సార్ చూస్తుంది. పెట్రోల్ ఎక్కువైతే 0.9 వోల్టు దగ్గర, తక్కువైతే 0.1 వోల్టు దగ్గర చూపిస్తుంది. దాన్ని బట్టి ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, పెట్రోల్‌ను సర్దుతుంది. 1976లో వోల్వో కారులో బాష్ కంపెనీ మొదటిసారి పెట్టినప్పటి నుంచి పని ఇదే. ఈ సెన్సార్ పోతే ఈసీయూ కళ్లకు గంతలు కట్టుకుని ఎసరు పోస్తున్నట్టే. అన్నం మాడకూడదని నాలుగు నీళ్లు ఎక్కువే పోస్తుంది. మీ మైలేజీ పడిపోయింది అందుకే కావచ్చు.

రెండో సెన్సార్ కాట్ కన్ (క్యాటలిటిక్ కన్వర్టర్) దాటాక, సైలెన్సర్ వైపు ఉంటుంది. పొగను శుభ్రం చేసే కాట్ కన్ సరిగ్గా పనిచేస్తోందా లేదా అని చూడటమే దాని ముఖ్యమైన పని. అది పోతే లైటు వెలుగుతుంది కానీ పెట్రోల్ ఖర్చు మీద మామూలుగా పెద్ద తేడా రాదు. అంటే పోయింది రెండోది మాత్రమే అయితే, మీ మైలేజీ జబ్బు వేరే ఎక్కడో ఉంది. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, బ్రేకు పట్టేయడం, ఇలా ఏదైనా కావచ్చు. అప్పుడు 5,900 పెట్టి సెన్సార్ మార్చినా 14 కిలోమీటర్లు 14గానే ఉంటాయి.

అందుకే మొదటి ఖర్చు స్కానింగ్. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు స్కానర్ పెడితే లోపం ఎక్కడో చెప్పే కోడ్ వస్తుంది. రేణిగుంట రోడ్డు వైపు ఉన్న ఏ మంచి ఎలక్ట్రికల్ మెకానిక్ దగ్గరైనా 300, 400లో అయిపోతుంది. లైటు ఆర్పేయమని కాదు, కోడ్ ఏమిటో కాగితం మీద రాసిమ్మని అడగండి. చాలామంది కోడ్ చెప్పకుండానే చెరిపేస్తారు, అది మీకు పనికిరాదు.

పి-0135 అని వస్తే మొదటి సెన్సార్ హీటర్ సర్క్యూట్, పి-0141 అయితే రెండోదాని హీటర్ సర్క్యూట్. సెన్సార్ పనిచేయాలంటే సుమారు 300 డిగ్రీలు వేడెక్కాలి, ఆ వేడి తొందరగా ఇచ్చే చిన్న హీటర్ దాని లోపలే ఉంటుంది. సర్క్యూట్ అన్న మాట గమనించండి. సెన్సారే పోయిందని ఆ కోడ్ చెప్పదు. ఫ్యూజ్ పోయినా, వైర్లు కలిపే కప్లర్‌లో తుప్పు పట్టినా, వైరు తెగినా ఇదే కోడ్ వస్తుంది. మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకల సంగతి మీకు నేను చెప్పాలా! సెన్సార్ వైరు కొరికేస్తే 200 రూపాయల అతుకుతో పోతుంది, సెన్సార్ కొనక్కర్లేదు. మెకానిక్‌ను కప్లర్ విప్పి, హీటర్‌కు వెళ్లే ఒకే రంగు వైర్లు రెండింటి మధ్య మీటర్ పెట్టమనండి. మామూలుగా ఆ రెండూ తెల్లగా ఉంటాయి. కొన్ని ఓమ్‌లు చూపిస్తే హీటర్ బతికే ఉంది. ఏమీ చూపకపోతే పోయింది. రెండు నిమిషాల పని.

పి-0171 వస్తే గాలి ఎక్కడో దొంగదారిన లోపలికి వస్తోందని, లేదా పెట్రోల్ తక్కువ పడుతోందని అర్థం. సెన్సార్ అక్కడ నిజమే చెబుతోంది, చెప్పినవాడినే మార్చేస్తే ఎలా? పి-0420 అయితే కాట్ కన్ గురించి. అది ఖరీదైన వస్తువు, లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి.

ఇక ఎక్కడ కొనాలి. ముందు 950 రూపాయల సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. నాలుగేళ్ల కింద నా పాత కారుకు ఇదే లైటు వెలిగింది. ఊరందరికీ డబ్బు జాగ్రత్తలు చెప్పే నేను, తయారీదారు పేరే లేని 1,100 రూపాయల పెట్టె ఆన్‌లైన్‌లో తెప్పించాను. కప్లర్ చక్కగా పట్టింది. లైటు ఆరింది. ఇంట్లో రెండు రోజులు గొప్పలు చెప్పుకున్నాను. ఐదు వారాల తర్వాత కాణిపాకం నుంచి తిరిగొస్తుంటే లైటు మళ్లీ వెలిగింది. వినాయకుడి ముందు అబద్ధం నిలవదంటారు కదా, డూప్లికేట్ కూడా నిలవలేదు. రెండోసారి పేరున్న కంపెనీది 3,600 పెట్టి కొన్నాను. లేబర్ రెండుసార్లు నాలుగేసి వందలు. మొత్తం 5,500. మొదటే సరైనది కొంటే 4 వేలలో పోయేది. ఇప్పుడు ఇంట్లో ఏ చవక వస్తువు చూసినా ‘సెన్సార్ లాంటిదా?’ అని అడుగుతుంది మా ఆవిడ.

పుదుపేట మాట. పాత తలుపు, అద్దం, హెడ్‌లైటు కావాలంటే ఆ బజారు బంగారం లాంటిది, నేను కాదనను. కానీ ఆక్సిజన్ సెన్సార్ వాడే కొద్దీ అరిగే వస్తువు. హీటర్ ఉన్న రకం మామూలుగా లక్ష నుంచి లక్షా అరవై వేల కిలోమీటర్ల దాకా వస్తుంది. తుక్కుకు వచ్చిన కారులో అది ఇప్పటికే ఎంత తిరిగిందో అమ్మేవాడికే తెలియదు. పాత సెన్సార్ కొనడం సగం కాలిన అగరొత్తి కొన్నట్టే. మీ మెకానిక్‌కు మద్రాసులో మనుషులుంటే పుదుపేట వదిలేసి, పక్కనే ఉన్న జీపీ రోడ్డులో కొత్తది అడిగించమనండి. కొత్త స్పేర్ పార్ట్స్ షాపులకు అది పేరు మోసిన వీధి.

నేను చెప్పే దారి ఇది. కారు కంపెనీ ఈ సెన్సార్లను మామూలుగా సొంతంగా తయారు చేయదు. బాష్, డెన్సో, ఎన్‌టీకే లాంటి వాళ్ల దగ్గర కొని తన పెట్టెలో పెట్టి అమ్ముతుంది. మీ కారులో ఉన్న సెన్సార్ విప్పించి, లోహం భాగం మీద చెక్కిన నంబరు ఫొటో తీయండి. బాష్‌ది అయితే 0 258తో మొదలవుతుంది. ఎన్‌టీకే వాటికి ఓజడ్ఏ అని, డెన్సో విడి అమ్మకం పెట్టెల మీద డీఓఎక్స్ అని ఉంటుంది. ఆ నంబరుతో అదే తయారీదారు సొంత పెట్టె అడిగితే, నా అనుభవంలో కారు కంపెనీ పెట్టె ధరలో సగం నుంచి ముప్పావు మధ్య దొరికింది. మీ 5,900 లెక్కన సుమారు 3 వేల నుంచి 4,400. ఆటోనగర్‌లో రెండు షాపులు, ఆన్‌లైన్‌లో ఒకటి, కంపెనీ డీలర్ స్పేర్ కౌంటర్ ఒకటి, నాలుగు చోట్ల అడగండి. డీలర్ కౌంటర్‌ను వదలకండి. వస్తువు వాళ్ల దగ్గర కొని, బిగింపు బయట చేయించుకోవచ్చు, అడ్డు చెప్పేవాళ్లు లేరు.

యూనివర్సల్ రకం అని కప్లర్ లేకుండా, వైర్లు కోసి అతికేది ఒకటి అమ్ముతారు. ఇంకా తక్కువకు వస్తుంది. చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్ ఉంటే పర్వాలేదు, కానీ వేడికి అతుకు ఊడితే మళ్లీ మొదటికి. మీకు వద్దు. కొన్ని కార్లలో మొదటి సెన్సార్ ఎయిర్ ఫ్యూయల్ రేషియో రకం ఉంటుంది, దాని బదులు మామూలుది పెడితే పనిచేయదు. అందుకే నంబరు, నంబరు అని పోరుతున్నాను. కారు పేరు చెప్పి కొనకండి.

కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు తీసుకోండి. ‘బిల్లు లేకుండా 200 తగ్గిస్తా’ అంటారు. ఆ 200 మిగిలితే వారంటీ పోతుంది, డూప్లికేట్ అయితే నిలదీయడానికి కాగితం కూడా ఉండదు. బిగించేటప్పుడు ఇంజిన్ కాస్త వెచ్చగా ఉండాలి, 22 నంబరు పానా, వైరు దూరడానికి చీలిక ఉన్న సాకెట్ అయితే మేలు. మరలు పట్టేసి ఉంటే ముందు రోజే తుప్పు వదిలే స్ప్రే కొట్టమనండి. బలవంతంగా తిప్పి మరలు చెడితే లేబర్ మూడింతలవుతుంది.

ఇప్పుడు మీ లెక్క. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. 17 లెక్కన 59 లీటర్లు, 14 లెక్కన 71 లీటర్లకు పైనే. లీటరు 110 దగ్గర వేసుకుంటే నెలకు 1,400 దాకా ఎక్కువ కాలుస్తున్నారు. పోయింది మొదటి సెన్సార్ అయితే స్కాన్ 400, వస్తువు 4,400, లేబర్ 600, మొత్తం 5,400. నాలుగు నెలల్లో పెట్రోల్‌లోనే తిరిగొస్తుంది. బ్యాంకులో 5,600 మిగులుతుంది. అది అత్యవసరానికి చాలదని నాకూ తెలుసు. అందుకే ఆ నాలుగు నెలలు పెట్రోల్‌లో మిగిలే 1,400ను ఖర్చులో కలిపేయకుండా వేరే ఖాతాలో వేసి, దానికి ‘కారు’ అని పేరు పెట్టండి. పదేళ్లు దాటిన కారు ఏడాదికి రెండుసార్లు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. నాలుగు నెలలయ్యాక కూడా నెలకు వెయ్యి తగ్గకుండా అందులో వేయండి.

చీటీ ఎందుకు వద్దన్నానంటే, 5 వేల అవసరానికి 22 వేలు వదులుకోవడం లెక్కకు నిలవదు. పైగా పాడుకున్నాక చేతిలో పడే 78 వేలు సెన్సార్ దగ్గర ఆగవు. సీట్ కవర్లు, మ్యూజిక్ సిస్టమ్ అంటూ మీ పిన్ని కొడుకే జాబితా తెస్తాడు. కార్డు సంగతి కూడా అంతే. 14,800 గీకి కనీస మొత్తం కట్టుకుంటూ పోతే, నెలకు 3.5 శాతం వడ్డీ అంటే మొదటి నెలే 518, దాని మీద జీఎస్టీ 93. ‘నో కాస్ట్’ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉందేమో చూడాలి. కార్డు మీద తీసుకుని గడువులోపు మొత్తం కట్టేయగలిగితే అది వేరే మాట, దానికి నన్ను అడగనక్కర్లేదు.

పని అయ్యేదాకా బండి నడపొచ్చా అంటే, లైటు నిలకడగా వెలుగుతుంటే చంద్రగిరి దాకా వెళ్లిరావచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం ఇంజిన్ మిస్‌ఫైర్ అవుతోందని అర్థం, కాలని పెట్రోల్ కాట్ కన్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. అలాంటప్పుడు అలిపిరి దాటి ఘాట్ ఎక్కకండి, కొండకు బస్సులో వెళ్లండి. లైటు బల్బు తీసేస్తామనో, వైరు పీకేస్తామనో ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. పొగ పరీక్షలో తేలితే జరిమానా చట్టం ప్రకారం 10 వేల వరకు ఉంటుంది.

పాత సెన్సార్‌ను మెకానిక్ దగ్గర వదలకుండా ఇంటికి తెచ్చుకోండి. స్కాన్‌లో పి-0420 వస్తే మాత్రం ఏమీ కొనకుండా ముందు నాకు రాయండి, ఆ లెక్క వేరే.