పేరు అదే, యంత్రం అదేనా?

ప్రశ్న: మా నాన్నగారు వడ్రంగి. ఆయన 1988లో కొన్న డ్రిల్లింగ్ మెషీన్‌కు రెండుసార్లు వైండింగ్ చేయించాం, అది నేటికీ పనిచేస్తోంది. అదే కంపెనీ మెషీన్‌ను నేను బెంగళూరు ఎస్.పి. రోడ్డులో కొంటే, రెండేళ్లు నిండకుండానే గేర్లు అరిగిపోయాయి. అపార్ట్‌మెంట్లలో అల్మారాలు బిగించడం నా పని. పేరున్న కంపెనీల నాణ్యత నిజంగానే పడిపోయిందా? ఇప్పుడు ఏ కంపెనీది కొనమంటారు?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: మీ బాధ నాకు అర్థమవుతోంది. అయితే నాన్నగారి మెషీన్ నిలిచినా, ఆ రోజుల్లో అమ్ముడైనవాటిలో ఎన్నో ఎప్పుడో పాత ఇనుము కొట్టుకు చేరాయి. మిగిలిన గట్టివాటిని మాత్రమే చూసి మనం ఆ కాలాన్ని అంచనా వేస్తున్నాం.

కంపెనీ పేరు స్థిరంగా ఉన్నా, దాని వెనుక ఉన్న యజమానులు, కర్మాగారాలు, లక్ష్యాలు మారుతూనే ఉంటాయి. 1924లో అమెరికాలో రంపపు యంత్రాలతో మొదలైన డివాల్ట్, 1960లో బ్లాక్ అండ్ డెకర్ చేతికి వచ్చింది. ఆ తర్వాత బ్లాక్ అండ్ డెకర్ అంటే ఇంటి సామానే అన్న అభిప్రాయం పనివారిలో బలపడడంతో, ఆ సంస్థ 1992లో డివాల్ట్ పేరునే పసుపు రంగుతో వృత్తి పనివారి కోసం మళ్లీ నిలబెట్టింది. 2005లో అమెరికా పరికరాల కంపెనీ మిల్వాకీ, హాంకాంగ్‌కు చెందిన టీటీఐ సంస్థ పరమైనా, బ్యాటరీ పరికరాల్లో దాని ప్రతిష్ఠ పెరిగిందే తప్ప తగ్గలేదు. యజమాని మారితే నాణ్యత పడిపోతుందన్న సూత్రం ఏదీ లేదని ఇందువల్ల తెలుస్తుంది. ఇక కొన్నిసార్లు పేరే మారిపోతుంది: హిటాచి పవర్ టూల్స్ 2018 నుంచి హైకోకి పేరుతో వస్తున్నాయి.

అసలు తేడా ఒకే పేరు కింద ఉన్న మోడళ్ల మధ్య ఉంటుంది. బాష్ సంస్థ వృత్తి పనివారికి నీలం రంగులో, ఇంటి వాడకానికి ఆకుపచ్చ రంగులో పరికరాలు చేస్తుంది. రెండింటి మీదా పేరు ఒకటే. ధర తగ్గించవలసి వచ్చినప్పుడు తయారీదారు బాల్ బేరింగ్ ఉండవలసిన చోట బుష్ (గుండ్లు లేని మామూలు లోహపు గొట్టం) వేస్తాడు, లోహపు గేర్ బాక్స్‌కు బదులు ప్లాస్టిక్‌ది పెడతాడు, కేబుల్ పొడవు తగ్గిస్తాడు. ఇవేవీ పెట్టె మీద కనబడవు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. నాన్నగారు ఎక్కువగా కలపకే రంధ్రాలు వేసి ఉంటారు. మీరేమో కాంక్రీటు గోడలతో తలపడుతున్నారు. మామూలు ఇంపాక్ట్ డ్రిల్‌లో రెండు పళ్ల చక్రాలు ఒకదానిమీద ఒకటి జారుతూ దెబ్బ కొడతాయి కాబట్టి, కాంక్రీటులో ఎంత నొక్కితే అంత అరుగుదల ఉంటుంది. రోటరీ హామర్‌లో పిస్టన్ గాలిని నొక్కి దెబ్బ పుట్టిస్తుంది గనుక చేతి బలం పెద్దగా అక్కర్లేదు. మీ పనికి తగినది ఎస్‌డీఎస్ ప్లస్ బిట్ (వెనుక గాడులుండి, నొక్కితే లాక్ అయ్యే బిట్) పట్టే చిన్న రోటరీ హామరే.

కొనేముందు రిపేరు చేసేవారి దగ్గరికి వెళ్లి, ఫలానా మోడల్ ఆర్మేచర్ (మోటారులో తిరిగే తీగ చుట్టిన భాగం), గేర్లు, కార్బన్ బ్రష్‌లు విడిగా దొరుకుతాయా అని అడగండి. ఆ సమాధానాన్ని బట్టే కంపెనీని ఎంచుకోండి. మీ పాడైన మెషీన్‌లో గేర్లు మాత్రమే పోయి, ఆర్మేచర్ నల్లబడకుండా ఉంటే పారేయకండి, గేర్లు మార్పించి కలపకు వాడుకోండి.