పాత ఇంటి లాఫ్ట్‌లో ఇన్సులేషన్ పెంచే ముందు

ఇంగ్లండులో 1930ల నాటి సెమీ డిటాచ్డ్ ఇల్లో, అంతకన్నా పాత విక్టోరియన్ టెరేస్ ఇల్లో కొనుక్కున్న మనవాళ్ళు మొదటి చలికాలం గ్యాస్ బిల్లు చూడగానే అడిగే ప్రశ్న ఒకటుంది: లాఫ్ట్‌లో (పైకప్పుకూ పై గదుల సీలింగుకూ మధ్య ఖాళీలో) ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) ఉందని ఇల్లు చూసిన సర్వేయరు రాశాడు కదా, మరి పై గదులు ఇంత చల్లగా ఎందుకున్నాయి? ఉండటం వేరు, చాలినంత ఉండటం వేరు. పాత ఇళ్ళలో ఎప్పుడో పరిచిన పొర తరచుగా 25 నుంచి 100 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది; మినరల్ ఊల్‌కు (రాయి లేదా గాజు పీచుతో చేసే దూదిలాంటి పొరకు) ఇప్పుడు సిఫారసు చేస్తున్న మందం 270 మిల్లీమీటర్లు.

అయితే ఫలితం మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఇన్సులేషన్ అసలే లేని ఇంట్లో సుమారు నాలుగో వంతు వేడి పైకప్పు గుండా పోతుందని అంచనా. అందులో అధిక భాగాన్ని మొదటి 100 మిల్లీమీటర్లే ఆపేస్తాయి. అక్కడి నుంచి 270కి పెంచితే మిగిలిన నష్టం సగానికి పైగా తగ్గుతుంది గానీ, ఆ మిగిలిన నష్టం అప్పటికే చిన్నది. ఖర్చు తక్కువ కాబట్టి చేయదగిన పనే అంటాను. సీలింగు దూలాల మధ్య 100 మిల్లీమీటర్ల పొర ఉంటే, దానిపైన 170 మిల్లీమీటర్ల రోల్‌ను దూలాలకు అడ్డంగా పరవాలి. అప్పుడు దూలాల చెక్క గుండా పోయే వేడి కూడా ఆగుతుంది. సామాన్ల కోసం దాని మీద బోర్డులు వేసి అణగదొక్కితే ఉపయోగం పోతుంది, ఎందుకంటే వేడిని ఆపేది ఊల్ మధ్య నిలిచిన గాలి. బోర్డులు కావాలంటే వాటిని ఎత్తులో నిలిపే ప్లాస్టిక్ కాళ్ళు దొరుకుతాయి.

చాలామంది పట్టించుకోనిది తేమ. ఇన్సులేషన్ పెంచిన కొద్దీ కింది గదుల వేడి పైకి రాదు కాబట్టి లాఫ్ట్ మునుపటికన్నా చల్లబడుతుంది. లాఫ్ట్ తలుపు సందుల్లోంచి, లైట్ల రంధ్రాల్లోంచి ఎక్కే తడిగాలి పెంకుల కింద పరిచిన చల్లని ఫెల్ట్ పొరకు తగిలి నీటిబొట్లుగా మారి, క్రమంగా వాసాలకు బూజు పట్టిస్తుంది. రోజూ అన్నం వార్చి, కుక్కర్ పెట్టి, ఇడ్లీ పాత్ర ఎక్కించి, ఆపైన చలికాలమంతా రేడియేటర్ల మీద బట్టలు ఆరేసే మన ఇళ్ళలో ఈ తేమ తక్కువేమీ కాదు. అందువల్ల రోల్స్ కొనడానికి ముందే వంటగది, స్నానాలగది ఫ్యాన్లు గాలిని ఇంటి బయటికే పంపుతున్నాయో లేదో చూడండి. కొన్ని పాత ఇళ్ళలో ఆ గొట్టం లాఫ్ట్‌లోనే ముగిసిపోతుంది. లాఫ్ట్ తలుపు అంచులకు గాలి దూరని పట్టీ అతికించి, దాని వీపున కూడా ఇన్సులేషన్ కట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, చూరు దగ్గర ఊల్‌ను మూలల దాకా కూరవద్దు. పైకప్పుకూ దానికీ మధ్య కనీసం 50 మిల్లీమీటర్ల గాలిదారి విడవాలి. గాలి రావడానికి మార్గమే లేకపోతే ముందు రూఫర్‌ను (పైకప్పు పనివాణ్ణి) పిలిచి వెంట్లు (గాలి రంధ్రాలు) పెట్టించండి.

పైకెక్కినప్పుడు చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. దూలాల మధ్య రవ్వలాంటి వర్మిక్యులైట్ (ఒక ఖనిజం) గుళికలు కనిపిస్తే కదపవద్దు; వాటిలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ పీచు ఉండే అవకాశం ఉంది కాబట్టి ముందు పరీక్ష చేయించాలి. గబ్బిలాలకు ఇక్కడ చట్టరక్షణ ఉంది, వాటి ఆనవాళ్ళు ఉంటే సలహా తీసుకోకుండా పని మొదలుపెట్టకూడదు. కరెంటు తీగలు, ముఖ్యంగా ఎలక్ట్రిక్ షవర్‌కు వెళ్ళే లావు తీగ, ఊల్ కింద కప్పబడితే వేడెక్కుతాయి. వీలైతే వాటిని పైకి తీయించాలి. సీలింగులో అమర్చిన డౌన్‌లైట్ల మీద నేరుగా పరవకుండా రక్షణ మూతలు పెట్టాలి. నీళ్ళ ట్యాంకుకు పక్కలా, మూతకూ కప్పి, అడుగు భాగాన్ని మాత్రం వదిలేయాలి. కింది గది వెచ్చదనమే దాన్ని గడ్డకట్టనివ్వదు. నడిచేటప్పుడు కాలు దూలం మీదో, అడ్డంగా వేసిన పలక మీదో ఉండాలి. మాస్కు, చేతి తొడుగులు, కళ్ళకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

కాంట్రాక్టరే సరుకు తెచ్చి వేస్తే గ్రేట్ బ్రిటన్‌లో 2027 మార్చి 31 వరకు వ్యాట్ సున్నా; మీరే కొని పరుచుకుంటే 20 శాతం కట్టాలి. ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చి వాసాల మధ్య స్ప్రే ఫోమ్ (చల్లాక ఉబ్బి గట్టిపడే నురుగు) కొట్టిస్తామనే వారిని మర్యాదగా పంపించేయండి. ఆ ఫోమ్ వాసాలను కప్పేస్తుంది, వాటి స్థితి ఎవరికీ కనిపించదు. అందుకే అలాంటి ఇళ్ళకు అప్పు ఇవ్వడానికి చాలా మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు) సంస్థలు వెనకాడుతున్నాయి.

పని పూర్తయ్యాక స్కేలుతో మందం కనిపించేలా ఫోటోలు తీసి, బిల్లులతో పాటు దాచుకోండి. రేపు ఇల్లు అమ్మేటప్పుడో, అద్దెకిచ్చేటప్పుడో ఈపీసీ (ఇల్లు ఎంత ఇంధనం ఖర్చు చేస్తుందో చెప్పే ధృవపత్రం) కోసం వచ్చే అసెసర్‌కు లాఫ్ట్ కనిపించకపోతే, ఆధారం లేనిచోట ఇంటి వయసును బట్టి అంచనా వేసి రాసేస్తాడు. పాత ఇంటికి ఆ అంచనా ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది.