మలావీకి బయల్దేరుతున్న బిడ్డకు

అమ్మాయీ,

ప్రభువు నామంలో వందనాలు. మీ సంఘం యూత్ టీమ్‌తో జులైలో సేవకని ఆఫ్రికాలోని మలావీ వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! "నువ్వు వెళ్ళొచ్చావు కదక్కా, పిల్లకి నాలుగు మాటలు రాయి" అని అడిగింది. అందుకే కూర్చున్నాను.

ఇలాంటి ప్రయాణాల నుంచి తిరిగొచ్చినవాళ్ళు సంఘం ముందు చెప్పే సాక్ష్యంలో "అక్కడ నా గుండె కరిగిపోయింది" అని చెబుతుంటారు. నువ్వూ అలాంటి ఘడియల కోసం ఎదురుచూస్తుంటావు. అవి తప్పకుండా వస్తాయి తల్లీ. అయితే నేను చూసినంతలో, మనం సంచి విప్పి పంచుతున్నప్పుడు వచ్చినవి తక్కువ. వాళ్ళ చాప మీద కూర్చుని, వాళ్ళు పెట్టింది తిన్నప్పుడు వచ్చినవే ఎక్కువ.

ముందు ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకో. సువార్త తెలియని చోటికి నువ్వు వెళ్ళడం లేదు. మన ఒంగోలులో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని చిన్నప్పటి నుంచి వింటున్నావు కదా. మలావీలో బ్లాంటైర్ మిషన్ అంతకు రెండేళ్ళ ముందే, 1876లో మొదలైంది. అక్కడి సెయింట్ మైకేల్ గుడిని 1891కల్లా ఆ ఊళ్ళ మనుషులే ఇటుక ఇటుకా పేర్చి కట్టారు. అంటే మన తాతల కాలం నుంచి వాళ్ళూ విశ్వాసులే. పల్లెలో ఆదివారం ఆరాధనకు వెళ్ళి చూడు. కీబోర్డు ఉండదు, మైకు ఉండదు. ఒక ముసలామె గొంతెత్తుతుంది, వెనక నుంచి మగవాళ్ళ గొంతులు అందుకుంటాయి, గోడలు అదురుతాయి. నిన్ను పాడమంటే మన తెలుగు పాట ఒకటి పాడు. కానీ ముందు విను.

ఇక భోజనం. తెల్ల మొక్కజొన్న పిండితో సీమ అని వండుతారు, మన సంగటిలాగే ఉంటుంది. పక్కన గుమ్మడాకు కూరో, ఎండు చేపలో. తినే ముందు ఇంట్లో పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని నీ చేతుల మీద నీళ్ళు పోస్తుంది. "వద్దమ్మా, నేను కడుక్కుంటా" అని చెంబు లాక్కోకు. అది వాళ్ళ మర్యాద, చేతులు చాపు. చాలా ఇళ్ళలో ఉన్న నాలుగు కోళ్ళలో ఒకటి నీకోసం కోస్తారు. నీకు చాలా బాధగా ఉంటుంది, తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో పంట చేతికొస్తుంది కాబట్టి నువ్వు వెళ్ళేసరికి గాదెల్లో గింజలుంటాయి. అవే గింజలు జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి అయిపోతాయి. ఆ సంగతి ఆ ఇల్లాలికి నీకంటే బాగా తెలుసు. తెలిసే పెడుతోంది. కడుపునిండా తిని, మనసారా ఆశీర్వదించు.

నన్ను మార్చిన రోజు గురించి చెప్తాను. ములాంజే కొండ దగ్గర ఒక ఊళ్ళో కంటి పరీక్షలకు అన్నీ సిద్ధం చేసుకున్నాం. తెల్లవారేసరికి ఊళ్ళో ఒక పసిబిడ్డ చనిపోయాడని కబురు. పాస్టరుగారు కార్యక్రమం ఆపేశారు. మా టీమ్‌లో పిల్లలకు ఒకటే టెన్షన్, ఉన్నవి కొద్ది రోజులే కదా అని. అక్కడ చావు ఇంటికి ఊరంతా కదులుతుంది. ఆడవాళ్ళు తలల మీద పిండి బేసిన్లు, కట్టెల మోపులు పెట్టుకుని వరసగా వస్తున్నారు. మగవాళ్ళు బయట దుంగల మీద, ఆడవాళ్ళు లోపల చాపల మీద. నేనూ లోపలికి వెళ్ళాను. నాకు వాళ్ళ భాష రాదు. ఒక పెద్దావిడ కాస్త జరిగి చోటిచ్చింది. తను నడుముకు చుట్టుకున్న చితెంజె గుడ్డ అంచు లాగి నా మోకాళ్ళ మీద కప్పింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి నా భుజం మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చింది. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాం. మర్నాడు కంటి పరీక్షలకు వచ్చినవాళ్ళు మమ్మల్ని పలకరించిన తీరే వేరు.

1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో, ఆ తర్వాత రెండేళ్ళకు డోర్నకల్ బిషప్ అయిన అజరయ్యగారు లేచి తెల్లదొరల మొహం మీదే చెప్పారు. మీరు బీదలకు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అని. ఆ రోజు అడిగింది మన వైపు నుంచి. ఇప్పుడు పెట్టె సర్దుకుని వెళ్తున్నది మనం. మీ టీమ్ ప్రార్థనలో ఈ మాట ఒకసారి చదవండి.

ఆ పెట్టెలో పాత బట్టలు కుక్కుకెళ్ళకండి. పాత బట్టల సంతలు అక్కడే బోలెడు. సబ్బులు, పిండి, నోటు పుస్తకాలు కొనాలంటే అక్కడి కొట్లోనే కొని, సంఘ పెద్దల చేతుల మీదుగా ఇవ్వండి. పిల్లల మీదికి చాక్లెట్లు విసరడం అసలొద్దు, అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మాత్రలు మీ అంతట మీరు పంచకండి, ఊళ్ళో ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త ఉంటారు, వాళ్ళతో కలిసి చేయండి. బోరు పంపు బాగుచేసే పని ఉంటే స్పానరు ఊరి ఆడవాళ్ళ చేతికివ్వండి. అక్కడ ఎక్కువగా కనిపించే ఆఫ్రిడెవ్ అనే రకం చేతిపంపును ఊరివాళ్ళే రిపేరు చేసుకునేలా తయారుచేశారు. "నీ చదువుకి డబ్బు పంపిస్తా" అని ఏ పిల్లకీ నోరు జారకు. ఆ పిల్ల ఏళ్ళ తరబడి దారి చూస్తుంది.

జులైలో అక్కడ చలికాలం, స్వెట్టర్ పెట్టుకో. మొదటిరోజే సంతలో ఒక చితెంజె గుడ్డ కొని లంగాలా చుట్టుకో. అడిస్ అబాబా మీదుగా వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఆపేయొచ్చు. ఆ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. మలేరియా మాత్రలు డాక్టరుగారు చెప్పినన్ని రోజులు, ఇంటికొచ్చాక కూడా మానకుండా వేసుకో. అక్కడి సరస్సు నీళ్ళలో దిగితే బిల్హార్జియా అనే పురుగుల జబ్బు అంటుకోవచ్చు, ఎంత అందంగా ఉన్నా దిగకు. వచ్చాక కొన్ని నెలల్లోపు జ్వరమొస్తే, ఆఫ్రికా వెళ్ళొచ్చానని డాక్టరుకు మొదటి మాటగా చెప్పు. అక్కడి మలేరియా ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది.

తిరిగొచ్చాక సంఘంలో సాక్ష్యం చెప్పమంటారు. చిరిగిన చొక్కా పిల్లల ఫొటోలు తెర మీద వేసి అందర్నీ ఏడిపించకు. ఆ పిల్లల అమ్మానాన్నలు ఎదురుగా కూర్చుని ఉంటే ఏం చెబుతావో అదే చెప్పు. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫానుకు మలావీ దక్షిణ జిల్లాల్లో కొండచరియలు విరిగిపడి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. మళ్ళీ ఇళ్ళు కట్టుకుని, మళ్ళీ పంట వేసుకున్నవాళ్ళు వాళ్ళు. ఆ కథ వాళ్ళ నోటితోనే అడిగి తెలుసుకుని మన సంఘానికి వినిపించు. నీకు అన్నం పెట్టిన ఇంటివాళ్ళ పేర్లు రాసుకొచ్చి నాకూ ఇవ్వు, మా స్త్రీల కూటంలో వాళ్ళకోసం ప్రార్థన చేయిస్తాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ