పనిలో పార్టీ గొడవ: ఒకరినే నోటిమాటతో తీసేస్తే?

ప్రశ్న: పలాస దగ్గర మాకు జీడిపప్పు యూనిట్ ఉంది, 40 మంది పనిచేస్తారు. బాయిలర్ దగ్గర ఇద్దరు పార్టీల గురించి వాదించుకుని కాలర్లు పట్టుకున్నారు. మా పార్టీ కాని అతన్ని రేపట్నుంచి రావద్దన్నాను. తొమ్మిదేళ్లు తమ్ముడిలా చూసుకున్నాను, కూతురి పెళ్లికి డబ్బిచ్చాను. రెండు నెలలకు లేబర్ ఆఫీసు నోటీసు వచ్చింది. ఇంత ఆలస్యంగా వేస్తే చెల్లుతుందా? అడ్వాన్స్ ఇచ్చినప్పుడు అతను సంతకం పెట్టిన ఖాళీ కాగితం ఉంది, దానిపై రాజీనామా రాసుకోవచ్చా?

జవాబు: పెళ్లికి ఎంతిచ్చారో అక్కడ ఎవరూ అడగరు. తీసేసే ముందు సంజాయిషీ అడిగారా, విచారణ జరిపారా అన్నదే అడుగుతారు. మీరు ఒక్క మెమో కూడా ఇవ్వలేదు. కొట్టుకున్నది ఇద్దరు, పోయింది ఒకరి ఉద్యోగం, అదీ అవతలి పార్టీవాడిది! కక్షతో తీసేశారంటే ఏం చెబుతారు? తొమ్మిదేళ్ల పనివాణ్ని నోటిమాటతో పంపేసి నోటీసు వచ్చేదాకా కూర్చోవడం చాలా అజాగ్రత్త.

ఆలస్యం మాట మర్చిపోండి. పాత చట్టంలో మూడేళ్ల గడువుండేది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో రెండేళ్లు. రెండు నెలలు లెక్కే కాదు.

ఆ ఖాళీ కాగితం జోలికి మాత్రం పోవద్దు. సంతకం అతనిదే అయినా పైన రాత మీది, అది ఫోర్జరీ కిందికి వస్తుంది. ఇప్పటికి ఇది లేబర్ వివాదమే, ఆ కాగితం దాఖలు చేస్తే క్రిమినల్ కేసు మెడకు చుట్టుకుంటుంది. రాజీనామా చేస్తే లెక్క ఎందుకు తేల్చలేదని అడిగిన మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. దాన్ని అతనికి తిరిగిచ్చి రసీదు తీసుకోండి.

సీసీటీవీ ఫుటేజీ ఇంకా చెరిగిపోకపోతే ఈరోజే కాపీ తీయించి డీవీఆర్‌ను (ఫుటేజీ రికార్డయ్యే పెట్టెను) భద్రం చేయండి. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం, కాపీ ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం జతచేయకపోతే ఆ కాపీని సాక్ష్యంగా తీసుకోరు. ఫుటేజీ పోయుంటే ఆ షిఫ్టులో ఉన్నవాళ్ల వాంగ్మూలాలు వాళ్ల మాటల్లోనే రాయించండి, మీరు చెప్పి రాయిస్తే అవతలి వకీలు అడిగే ఎదురు ప్రశ్నల్లో (క్రాస్‌లో) నిలబడవు.

నోటీసులో ఉన్న తేదీకి తప్పకుండా వెళ్లి, అతన్ని పనిలోకి తీసుకుంటామని, విచారణ జరిపే హక్కు మాత్రం వదులుకోవడం లేదని రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ తర్వాత ఇద్దరికీ ఒకేలాంటి మెమో ఇచ్చి, బయటి వ్యక్తితో విచారణ జరిపించండి. మెమోలో పార్టీ పేరు రాయకండి. ఒక పార్టీని అభిమానించడం తప్పు కాదు, మండుతున్న బాయిలర్ దగ్గర కొట్టుకోవడం తప్పు. పని వేళల్లో పార్టీ వాదనలు, జెండాలు వద్దని తెలుగులో నోటీసు అంటించండి, అది మీకూ వర్తించాలి.

రాజీ కుదరక కేసు పైకి, అంటే ట్రైబ్యునల్‌కు వెళ్తే, తీసేసే ముందు విచారణ జరపలేదు కాబట్టి అతని తప్పును ట్రైబ్యునల్ ముందే సాక్ష్యాలతో రుజువు చేసుకునే అవకాశం ఇవ్వమని మొదటి కౌంటర్‌లోనే (మీ రాతపూర్వక జవాబులోనే) అడగమని మీ వకీలుకు చెప్పండి. తర్వాత అడిగితే ఆ అవకాశం దక్కడం కష్టం.