పక్క రైతు ఇచ్చే కుందేళ్లు, అడవి పంది మాంసం కుక్కలకు పచ్చిగా పెట్టవచ్చా?

మీరు అడిగినది ఇది: ఆస్ట్రేలియాలోని వాగ్గా వాగ్గా శివార్లలో కొత్తగా పొలం కొనుక్కున్నారు, గొర్రెలు కాసే కెల్పీ జాతి కుక్కలు రెండింటికి పచ్చి మాంసమే పెడుతున్నారు, పక్క పొలం రైతు తాను కాల్చిన కుందేళ్లను, అప్పుడప్పుడూ అడవి పంది తొడను ఇస్తానంటున్నాడు. గడ్డి కొట్టంలో పట్టుబడే ఎలుకలను కూడా కుక్కలకు వేయవచ్చా అనీ, కరీంనగర్ దగ్గర మీ నాన్నగారు తమ పొలంలోని కుక్కకు ఇలాగే పెట్టవచ్చా అనీ అడిగారు. కుందేలును కొన్ని షరతులతో నిశ్చింతగా పెట్టవచ్చు. పందిని పచ్చిగా పెట్టకూడదు. ఎలుకలు అసలే వద్దు. నేనూ ఈ రివరీనా ప్రాంతంలోనే చాలా కాలంగా ఉంటూ, మా కుక్కలకు కుందేలు మాంసం పెడుతున్నవాణ్ణి కాబట్టి, కారణాలు కాస్త వివరంగా చెబుతాను.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఆ జంతువు ఏ జాతిదన్నది కాదు, అది చావడానికి ముందు ఏం తిన్నదన్నది. ఆస్ట్రేలియాలో కుందేళ్లను, నక్కలను, అడవి కుక్కలను అదుపు చేయడానికి 'టెన్ ఎయిటీ' అని పిలిచే సోడియం ఫ్లోరోఅసిటేట్‌ను ఎరలో కలిపి పెడతారు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కొన్ని మొక్కల్లో ఈ విషం సహజంగానే ఉంటుంది కాబట్టి అక్కడి స్థానిక జంతువులు చాలావరకు దాన్ని తట్టుకుంటాయి, కానీ కుక్కలు మాత్రం దానికి అతి తేలికగా బలవుతాయి. విషం తిని చచ్చిన కుందేలు కళేబరాన్ని కొరికినా చాలు, కొన్ని గంటల్లో వాంతులు, పిచ్చిపట్టినట్టు పరుగులు, అరుపులు, ఆపైన ఫిట్స్ మొదలవుతాయి, దీనికి విరుగుడు మందు లేదు. మన వైపు కుందేళ్లకు ఎర వేసేది ఎక్కువగా వేసవి చివర, పచ్చిక ఎండిపోయి వాటికి తిండి దొరకని రోజుల్లో. నక్కలకు వేసేది గొర్రెలు ఈనే కాలానికి కాస్త ముందు. ఎర వేసే రైతు ఇరుగుపొరుగుకు ముందుగా తెలియజేయాలి, గేట్ల దగ్గర హెచ్చరిక బోర్డులు కట్టాలి. అందువల్ల మీ రైతును "ఈ కుందేలు ఎక్కడిది" అని మాత్రమే కాకుండా, "మీ పొలంలోనూ చుట్టుపక్కలా ఈ మధ్య ఎర వేశారా, పిండోన్ వాడారా" అని కూడా అడగండి. పిండోన్ రక్తం గడ్డకట్టకుండా చేసే మందు, దానికి విటమిన్ కె విరుగుడుగా పనిచేస్తుంది, అయినా ఆ పరీక్ష మన కుక్కల మీద పెట్టుకోవలసిన అవసరం లేదు. మనిషిని చూసి కూడా పారిపోకుండా మందకొడిగా కదిలే కుందేలును, చచ్చి పడి ఉండగా దొరికిన కుందేలును నేను ముట్టుకోను. కళ్లు ఉబ్బి పుసులు కట్టినవి మిక్సొమటోసిస్ అనే కుందేళ్ల వైరస్ జబ్బు సోకినవి. ఆ వైరస్ గానీ, 1995లో వార్డాంగ్ దీవి నుంచి బయటపడిన, కుందేళ్లను చంపే కాలిసివైరస్ గానీ కుక్కలకు సోకవు, కానీ రోగంతో చిక్కిన మాంసం పెట్టడంలో అర్థం లేదు.

ఎలుకల విషయంలో ఇదే చిక్కు ఇంకా ముదురుతుంది. కొట్టాల్లో వాడే బ్రోడిఫాకమ్ వంటి ఎలుకల మందులు ఎలుక కాలేయంలో నెలల తరబడి నిలిచి ఉంటాయి, ఆ ఎలుకను తిన్న కుక్క మొదటి రెండు రోజులూ ఆరోగ్యంగానే కనిపిస్తుంది. మా పక్కింటివాళ్ల కుక్క కొట్టంలో ఎలుకలు తిన్న నాలుగైదు రోజులకు నీరసపడింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు గులాబీ రంగు పోయి పాలిపోయి ఉన్నాయి, మూతి దగ్గర చిన్న గీతలోంచి రక్తం ఆగకుండా ఊరుతూనే ఉంది. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లడం వల్ల బతికింది గానీ, విటమిన్ కె1 మాత్రలు వారాల తరబడి వేయవలసి వచ్చింది. 2021లో న్యూ సౌత్ వేల్స్‌ను చిట్టెలుకలు ముంచెత్తినప్పుడు పొలాల నిండా జింక్ ఫాస్ఫైడ్ అనే విషం పట్టించిన గింజలు చల్లిన సంగతి ఇక్కడివాళ్లందరికీ గుర్తే. విషం సంగతి పక్కన పెట్టినా ఎలుకల మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జబ్బు వస్తుంది. మీ కెల్పీలు ఎలాగూ ఎలుకలను తరుముతాయి కాబట్టి, ఆ టీకా గురించి పశువైద్యుడిని అడగండి.

ఇక కుందేలు శుభ్రం చేసే పని. ఇంట్లో ఎవరూ చెప్పని విషయాలు ఇక్కడే ఎక్కువ ఉంటాయి. చేతికి తొడుగులు వేసుకుని, పొట్ట కోసి, పేగులు బయటికి తీసే ముందు ఒక్క నిమిషం వెలుతురులో పరిశీలించండి. పేగులను పట్టి ఉంచే పల్చటి పొరకు, కార్జం అంచులకు ఉడికిన సగ్గుబియ్యం గింజల్లా పారదర్శకమైన బుడగలు అంటుకుని కనిపిస్తే, అవి టీనియా పిసిఫార్మిస్ అనే బద్దెపురుగు పిల్ల దశలు. కుక్క వాటిని పచ్చిగా మింగితే దాని పేగుల్లో అవి పెద్ద పురుగులవుతాయి. తోలు ఒలిచేటప్పుడు తొడ కండరం మీదనో నడుము దగ్గరనో నీరు నిండిన పెద్ద తిత్తి కనబడి, దాని లోపలి గోడకు తెల్లటి చుక్కలు వరుసలుగా అంటుకుని ఉంటే అది టీనియా సీరియాలిస్. కార్జం మీద తెల్లటి గడ్డలు పొక్కుల్లా ఉంటే కాక్సిడియా అనే పరాన్నజీవి వల్ల వచ్చిన జబ్బు. అది కుందేలుకే పరిమితం, కుక్కకు అంటదు. చూడ్డానికి అన్నిటికంటే అసహ్యంగా ఉండేది ఇదే, కుక్కకు అన్నిటికంటే తక్కువ హాని చేసేదీ ఇదే. నా పద్ధతి ఏమిటంటే, లోపల ఏం కనిపించినా కనిపించకపోయినా కార్జం, ఊపిరితిత్తులు, తిల్లి, బోటి మొత్తం తీసి, కుక్కలు తవ్వలేనంత లోతుగా పాతిపెడతాను. తలను కూడా పెట్టను. కండ, ఎముక మాత్రమే ఉంచుకుంటాను.

ఆ మాంసాన్ని పల్చటి పొట్లాలుగా కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచిన తరువాతే తీస్తాను. గొర్రెల నుంచి కుక్కలకు వచ్చే బద్దెపురుగు విషయంలో పశుసంవర్ధక శాఖలు చెప్పేది మైనస్ 10 డిగ్రీలు లేదా అంతకంటే చల్లగా కనీసం 10 రోజులు, నేను దానికి కొంత అదనం చేర్చుకున్నాను. అంతా కలిపి ఒకే ముద్దగా పెడితే మధ్యలో గడ్డకట్టడానికి చాలా సమయం పడుతుంది, అందుకే పల్చటి పొట్లాలు. ఇంతా చేసినా చలికి చచ్చేది పరాన్నజీవులే, బాక్టీరియా చావదు. సాల్మొనెల్లా వంటివి ఫ్రీజర్ నుంచి క్షేమంగా బయటికి వస్తాయి కాబట్టి, గిన్నెలు, కత్తి, పలక ఇంటి వంటవాటితో కలపకండి.

బద్దెపురుగుల్లో మనం భయపడవలసింది మరొకటి ఉంది. ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ అనే అతి చిన్న పురుగు కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. కంగారూలు, వాలబీలు, గొర్రెలు, మేకలు, అడవి పందుల ఊపిరితిత్తుల్లోనూ కార్జంలోనూ ఈ పురుగు పిల్ల దశ ఉండే నీటి తిత్తులను (హైడాటిడ్ తిత్తులు) తిన్న కుక్కలో అది పెరుగుతుంది. కుక్కకు ఏ బాధా ఉండదు. దాని మలంలో పడే గుడ్లు ఒంటి వెంట్రుకలకు అంటుకుని, ముద్దుచేసే పిల్లల చేతుల మీదుగా నోట్లోకి వెళితే, మనిషి కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో తిత్తి ఏళ్ల తరబడి పెరిగి చివరికి ఆపరేషన్ దాకా వెళుతుంది. ఆ పురుగు కుక్క పేగులో గుడ్లు పెట్టే వయసుకు రావడానికి సుమారు ఆరేడు వారాలు పడుతుంది కాబట్టి, వేటమాంసం తినే కుక్కకు, పొలంలో స్వేచ్ఛగా తిరిగే కుక్కకు బద్దెపురుగులను చంపే ప్రాజిక్వాంటెల్ మందు ఉన్న మాత్ర ఆరు వారాలకొకసారి వేయాలి. మూడు నెలలకొకసారి వేసే మామూలు నులిపురుగుల మాత్ర ఇక్కడ సరిపోదు.

అడవి పంది విషయంలో రైతు మాట కాదనడం మొహమాటంగానే ఉంటుంది, అయినా కాదనండి. క్వీన్స్‌లాండ్, ఉత్తర న్యూ సౌత్ వేల్స్ పందుల్లో బ్రూసెల్లా సూయిస్ అనే బాక్టీరియా ఉంది, పందుల కదలికకు జిల్లా సరిహద్దులు అడ్డు కావు. పచ్చి పంది మాంసం తిన్న కుక్కలకు, వేటలో పందులను పట్టిన కుక్కలకు అది సోకుతుంది. వృషణాలు వాస్తాయి, నడుము నొప్పితో కుంటుతాయి, చూలు కుక్కలకు గర్భం పోతుంది, కొన్నిటికి ఏ లక్షణమూ కనిపించదు. చికిత్స సుదీర్ఘం, పూర్తిగా నయమవుతుందన్న హామీ లేదు, మాంసం కోసిన మనిషికి కూడా సోకుతుంది. ఫ్రీజర్ ఈ బాక్టీరియాను చంపదు. రైతు ఇచ్చిన తొడను పారేయడం ఇష్టం లేకపోతే తొడుగులు వేసుకుని కోసి, ఎముక తీసేసి, లోపలిదాకా బాగా ఉడికించి పెట్టండి. ఉడికిన ఎముకలు పెళుసుగా విరిగి పేగులకు గుచ్చుకుంటాయి కాబట్టి వాటిని మాత్రం పెట్టకూడదు.

తూటా సంగతి కూడా అడగండి. రైఫిల్ సీసపు తూటా కండలో ముక్కలై, గాయానికి చాలా దూరం దాకా కంటికి కనిపించని రేణువులుగా వెదజల్లబడుతుంది, కాబట్టి నెత్తురు గడ్డకట్టిన చోటంతా చుట్టూ పెద్దగా కోసి పారేయండి. తలలో తగిలిన చిన్న తూటాతో చచ్చిన కుందేలు మేలు. షాట్‌గన్ రవ్వలు ఒళ్లంతా దిగినదాన్ని నేను తీసుకోను. జనవరి ఎండలో బండి వెనక సాయంత్రం దాకా పడి ఉన్నదాన్నీ తీసుకోను, కుళ్లిన కళేబరం తిన్న కుక్కలకు అందులోని బాక్టీరియా విషం వల్ల బాట్యులిజం అనే జబ్బు వచ్చి వెనక కాళ్లు పడిపోతాయి.

పెంపుడు జంతువుల కోసం దుకాణంలో అమ్మే మాంసమైతే ఏ బెంగా లేదనుకోవద్దు. 2021లో విక్టోరియాలో నార్తర్న్ టెరిటరీ నుంచి వచ్చిన గుర్రపు మాంసం తిన్న అనేక కుక్కలు కాలేయం చెడి చనిపోయాయి. ఆ గుర్రాలు మేసిన నీలిమందు జాతి మొక్కలోని ఇండోస్పిసిన్ అనే విషం మాంసంలో మిగిలిపోయింది, ఉడికించినా అది పోదు. కంగారూ కైమా మంచి మాంసమే, కానీ నిల్వ ఉండడానికి సల్ఫైట్ కలిపినదాన్ని రోజూ పెడితే విటమిన్ బి1 లోపిస్తుంది. మీ పొలంలోని కంగారూను మీరే కాల్చి పెట్టవచ్చా అంటే, అనుమతి లేకుండా కుదరదు, అవి రక్షిత జంతువులు. కుందేలులో కొవ్వు బాగా తక్కువ కాబట్టి దానితోనే రోజులు గడపకండి. మనం పారేసిన కార్జానికి బదులు మనుషుల కోసం అమ్మే గొడ్డు లేదా కోడి కార్జం కొద్దిగా కలపండి.

మీ నాన్నగారి విషయం వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ చెవులపిల్లిని గానీ అడవి పందిని గానీ వేటాడడం నేరం, పంట నష్టం కోసం అధికారుల అనుమతితో కాల్చిన పంది కూడా ప్రభుత్వ ఆస్తే. ఇక వరి పొలంలోని ఎలుకలూ పందికొక్కులూ జింక్ ఫాస్ఫైడో బ్రోమాడయొలోన్ అనే ఎలుకల మందో తిన్నవేమోనన్న అనుమానం ఎప్పుడూ ఉండేదే. బుట్టలు పెట్టి పట్టిన ఎలుకలైనా పక్క గట్టు మీద ఏ మందు పెట్టారో ఎవరూ చెప్పలేరు. ఊళ్లో మాంసం కొట్టు దగ్గర మిగిలే ముక్కలను ఉడికించి అన్నంలో కలిపి పెట్టమనండి, కుక్కకు రేబిస్ టీకా ఏటా తప్పకుండా వేయించమనండి.