పాత అల్మరా కోళ్ల గూడు అవుతుందా?

ప్రశ్న: మా ఇంట్లో వాడకుండా పడి ఉన్న పెద్ద చెక్క అల్మరా ఒకటి ఉందండి. ఎత్తు ఆరడుగులు, వెడల్పు నాలుగడుగులు, లోతు రెండడుగులు, కింద రెండు సొరుగులు. ఇవి కాక నాలుగు చెక్క ప్యాలెట్లు (సరుకు పేర్చి మోసే చట్రాలు) కూడా ఉన్నాయి. పెరట్లో ఆరు పెట్టల్ని పెంచాలని ఆశ, చేతిలో డబ్బు మాత్రం తక్కువ. వీటితోనే గూడు కట్టేయొచ్చా?

జవాబు: కట్టేయొచ్చండి, కానీ అల్మరాను నిలబెట్టి కాదు. కోడికి కావలసింది నేల, ఎత్తు కాదు. బయట తిరగడానికి విడిగా జాగా ఉన్నా, గూటి లోపల ఒక్కో పెట్టకు 4 చదరపు అడుగులు ఉండాలి. మీ అల్మరా నిలబడితే కింద నేల 8 చదరపు అడుగులే, అంటే రెండు కోళ్లకు సరిపోతుంది. అదే వెల్లకిలా పడుకోబెడితే 24 వస్తుంది, మీ ఆరింటికీ లెక్క సరిగ్గా సరిపోయింది! ముందు అది అసలు చెక్కో కాదో చూసుకోండి. పొట్టును అతికించి చేసిన బోర్డు అయితే ఒక్క వానాకాలానికే ఉబ్బి విడిపోతుంది, దాని మీద శ్రమ పెట్టకండి.

పడుకోబెట్టాక పైకి వచ్చే తలుపులు ఊడదీసి, నాలుగు మూలలా కర్రలు నిలబెట్టి, ఒకవైపు అడుగు, రెండోవైపు అరడుగు ఎత్తు వచ్చేలా ఏటవాలుగా కప్పు వేయండి. ఆ తలుపులే కప్పు అవుతాయి, మీద రేకో టార్పాలినో పరిస్తే చాలు. ఒకవైపు బందులు బిగిస్తే ఎత్తి శుభ్రం చేసుకోవచ్చు. పెట్టెకీ కప్పుకీ మధ్య చుట్టూ మిగిలే సందు మూసేయాలని అనిపిస్తుంది, దయచేసి మూయకండి, మెష్ (ఇనుప జాలీ) మాత్రం కొట్టండి. గూడంతటిలో ముఖ్యమైనది ఆ సందే. కోళ్లకు చెమట పట్టదు, ఎండ వేడికి నోరు తెరిచి రొప్పుతాయి, చలిని తట్టుకున్నంతగా వేడిని తట్టుకోలేవు. పైగా రాత్రంతా వాటి ఊపిరిలోని తేమ, రెట్టలోంచి వచ్చే అమ్మోనియా లోపలే ఉండిపోతే ఊపిరితిత్తుల జబ్బులు మొదలవుతాయి. పొద్దున్నే కప్పు ఎత్తగానే మీ కళ్లు మండితే గాలి చాలడం లేదని అర్థం.

పడుకునే కర్ర నేలకు అడుగు ఎత్తులో, పొడవునా బిగించండి. అప్పుడు గాలి వాటి తలల మీదుగా పోతుంది, ఒంటికి నేరుగా కొట్టదు. కోడికి 8 నుంచి 10 అంగుళాల చోటు కావాలి కాబట్టి ఆరుకు ఐదడుగులు చాలు. నున్నటి ప్లాస్టిక్ పైపు వద్దు, కాళ్లకు పట్టు దొరకదు. సొరుగులేమో గుడ్లు పెట్టే పెట్టెలు: ఎండుగడ్డి వేసి చీకటిగా ఉండే మూల పెట్టండి, నాలుగైదు పెట్టలకు ఒకటి చాలు కాబట్టి మీకు రెండూ సరిపోతాయి. అవి కర్ర కంటే కిందే ఉండాలి సుమా, లేకపోతే ఎత్తైన చోటు వెతుక్కుని వాటిలోనే పడుకుని రెట్టతో పాడుచేస్తాయి.

ఇక డబ్బు పెట్టాల్సిన చోటు. గోడలు, కప్పు, కర్రలు అన్నీ పాతవే వాడుకోండి, మెష్, గడియలు మాత్రం కొత్తవి కొనండి. షట్కోణాల సన్నటి కోళ్ల వల కోళ్లను లోపల ఆపుతుందే గాని కుక్కను బయట ఆపలేదు, పళ్లతో చింపేస్తుంది. అరంగుళం కన్నాల గట్టి వెల్డెడ్ మెష్ తీసుకుని, వాషర్లు వేసి స్క్రూలతో బిగించండి. తవ్వి వచ్చే జంతువులు గోడ మొదట్లోనే తవ్వుతాయి కాబట్టి గూడు చుట్టూ నేల మీద అడుగు వెడల్పున అదే మెష్ పరిచి రాళ్లు పెట్టండి.

కర్రల కోసం మీ ప్యాలెట్లు విప్పే ముందు వాటి మీద ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినవి, వాడొచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ మందు పట్టించినవి, పక్కన పడేయండి. నూనె మరకలున్నవీ అంతే. పాత రంగు పెచ్చులూడుతున్న చెక్క అస్సలు వద్దు, అందులో సీసం ఉండొచ్చు, కోళ్లు పొడిచి తింటే అది గుడ్లలోకీ వస్తుంది. పని అయ్యాక అయస్కాంతంతో నేలంతా ఒకసారి తుడవండి, పడిపోయిన మేకును కోడి మింగితే కందనకాయకు గుచ్చుకుంటుంది.

ప్రశ్న: వాడిన గూడొకటి చవగ్గా కొన్నాం. వారం నుంచి కోళ్లు సాయంత్రం లోపలికి వెళ్లనంటున్నాయి, తోలినా బయటికే వస్తున్నాయి. టెన్షన్‌గా ఉంది. ఏం జరిగి ఉంటుంది?

జవాబు: నాకు ముందుగా అనుమానం వచ్చేది మైట్స్ మీద, రక్తం తాగే చిన్న నల్లులవి. పగలు పగుళ్లలో దాక్కుని రాత్రి కోళ్లను పట్టుకుంటాయి. చీకటి పడ్డాక టార్చి తీసుకుని, కర్ర అడుగున తెల్ల కాగితంతో గట్టిగా రుద్దండి, ఎర్ర చారలు పడితే అవే. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి గనుక కొన్నాళ్లు గూడు ఖాళీగా వదిలితే పోతాయనుకోకండి. కోళ్లను వేరే చోట ఉంచి, గూడు విడదీసి, మరిగే నీళ్లతో తోమి, ఎండలో ఆరబెట్టి, పశువైద్యులు చెప్పిన మందు పగుళ్లలోకి పోయేలా కొట్టండి. గుడ్లు పొదిగి కొత్తవి వస్తాయి కాబట్టి వారానికి మళ్లీ కొట్టాలి. కిరోసిన్ మాత్రం వద్దు.

గూడు అమ్మినవాళ్లను ఒక్క మాట అడగండి, వాళ్ల కోళ్లు ఎందుకు పోయాయని. మారెక్స్ అనే కోళ్ల ప్రాణాంతక జబ్బు వైరస్ ఈకల దుమ్ములో నెలల పాటు బతికి ఉంటుంది.

ప్రశ్న: పాడైన ఫ్రిజ్ గూడుగా పనికొస్తుందా? ప్లాస్టిక్ డ్రమ్ము సంగతేంటి?

జవాబు: ఫ్రిజ్ వద్దండి. గాలి చొరకుండా చేసిన పెట్టె అది, కన్నాలు చేయబోతే లోపలి గ్యాసు గొట్టాలు తెగుతాయి, గోడల్లోని ఫోమును కోళ్లు పొడిచి తింటాయి. డ్రమ్ము ఇదివరకు తినే సరుకు పోసినదైతే నిలువునా కోసి, అంచులు నున్నగా చేసి, గుడ్లు పెట్టే చోటుగానో మట్టి స్నానపు తొట్టిగానో వాడండి. రసాయనాలు పోసినదైతే ఎంత కడిగినా వద్దు.